పచ్చడి సీసా నుంచి దుకాణం బోర్డు దాకా: లోగో గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో పచ్చళ్లు, పొడులు, పిండివంటలు చేసి అమ్ముకునే వారికి లేబుళ్లు, బోర్డులు తయారుచేయడం నా పని. వచ్చిన వారందరివీ దాదాపు ఒకే సందేహాలు. అదే జవాబు ఫోనులో మళ్లీ మళ్లీ చెప్పేకంటే ఒకచోట రాసి పెట్టడం మేలనిపించింది. ఉదాహరణలు పచ్చళ్లవే ఎక్కువ. బేకరీకైనా బట్టల కొట్టుకైనా లెక్కలో పెద్ద తేడా ఉండదు. వరసగా చదవనక్కరలేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లండి.

## మొదలుపెట్టకముందు

ఇంకా ఇంటి నుంచే అమ్ముతున్నాం. ఇప్పుడే లోగో అవసరమా?

బొమ్మ అవసరం లేదు. పేరు అవసరం. ఒకే పేరును ప్రతి సీసా మీదా ఒకే అక్షరాలతో, ఒకే రంగులో వేయడం మొదలుపెడితే సగం పని అయినట్టే. వాట్సాప్‌లో ఒక పేరు, స్టిక్కర్ మీద ఇంకో పేరు, బిల్లు మీద మూడోది ఉన్న వ్యాపారాలు నా దగ్గరకు చాలా వస్తాయి. వాటికి కావలసింది కొత్త లోగో కాదు, కుదురు.

లోగో, బ్రాండ్ గుర్తింపు రెండూ ఒకటే కదా?

లోగో సంతకం లాంటిది. గుర్తింపు అంటే మనిషి మొత్తం: నడక, గొంతు, కట్టు, బొట్టు. మూత రంగు, లేబుల్ ఆకారం, అక్షరాల తీరు, పార్సిల్ మీది టేపు, ఫోటో తీసే వెలుతురు, ఆర్డరు ఇచ్చినవారికి మీరు పంపే సందేశంలోని మర్యాద, అన్నీ అందులోవే. కొన్నవారు ఆరు నెలల తర్వాత గుర్తుపెట్టుకునేది చాలాసార్లు లోగోను కాదు. "ఆ ఆకుపచ్చ మూత పచ్చడి" అని అడుగుతారు.

చేతిలో డబ్బు తక్కువ. ముందు దేని మీద ఖర్చు పెట్టాలి?

పేరును అందంగా, చదవగలిగేలా రాయించుకోవడం మీద. తర్వాత లేబుల్. ఆ తర్వాత ఒక రబ్బరు స్టాంపు. నన్నడిగితే చిన్న వ్యాపారానికి దానంత చవకైన ముద్రణాలయం లేదు. కాగితం సంచి మీద, అట్టపెట్టె మీద, బిల్లు మీద ఎక్కడైనా కొట్టుకోవచ్చు. దుకాణం ఉంటే బోర్డు. విజిటింగ్ కార్డులు, వెబ్‌సైటు, టీషర్టులు ఆఖరున. చాలామంది ఈ వరసను తలకిందులు చేసి, కార్డులు వెయ్యి కొట్టించాక పేరు మారుస్తారు.

## పేరు దగ్గర

మా ఊరి పేరు పెట్టుకోవచ్చా?

ఊరి పేరుతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, ఊరి పేరు, సరుకు పేరు కలిపితే వచ్చేది వర్ణన మాత్రమే. "గుంటూరు కారప్పొడి" అని మీరు రాసుకోవచ్చు కానీ అది మీ ఒక్కరిదే అనడం కష్టం, ఎదురింటివారూ రాసుకుంటారు. రెండోది భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ. బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో ఆ గుర్తింపు వచ్చింది. అలాంటి పేర్లు ఆ ప్రాంతపు తయారీదారులందరి ఉమ్మడి ఆస్తి. ఒక వ్యాపారి సొంత ట్రేడ్‌మార్కుగా అడిగితే ఇవ్వరు, వేరే ఊళ్లో చేసినదానికి ఆ పేరు అతికించడం ఇంకా పెద్ద తప్పు. మీరు ఆ ప్రాంతంలోనే చేస్తుంటే అధీకృత వినియోగదారుగా నమోదు చేయించుకుని, జీఐ పేరును సరుకు పేరుగానే ఉంచి, దానిపైన మీ సొంత పేరు వేసుకోండి.

ఇంటిపేరు పెడితే గౌరవంగా ఉంటుంది కదా?

ఉంటుంది. అయితే ఆ ఇంటిపేరు మీ పెదనాన్న గారి పిల్లలకూ ఉంటుంది. ట్రేడ్‌మార్కుల చట్టం 1999లోని 35వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా తమ సొంత పేరును నిజాయతీగా వాడుకుంటే అడ్డుకోలేరు. అన్నదమ్ములు కలిసి మొదలుపెట్టిన కొట్టు విడిపోయినప్పుడు వంటపాత్రలు పంచుకోవడం తేలిక, పేరు పంచుకోవడమే కష్టం. ఇంటిపేరే కావాలనుకుంటే దానికి ఇంకో మాట జోడించండి. భాగస్వామ్య పత్రంలో "విడిపోతే పేరు ఎవరిది" అన్న వాక్యం మొదటి రోజే రాయించండి. పెళ్లిలో విడాకుల మాట ఎత్తినట్టుంటుంది కానీ తప్పదు.

దేవుడి పేరు, దేవుడి బొమ్మ వాడవచ్చా?

పేరు వాడుకునేవారు వేలల్లో ఉన్నారు, కాబట్టి ప్రత్యేకత తగ్గుతుంది. బొమ్మ విషయంలో నా సలహా గట్టిగా వద్దనే. పచ్చడి అయిపోయాక ఆ సీసా చెత్తబుట్టలోకి పోతుంది, ఆ పౌచ్ కాళ్ల కింద పడుతుంది. కొన్నవారికే మనసొప్పక లేబుల్ చింపి పక్కన పెడతారు. జాతీయ పతాకం, జాతీయ చిహ్నం, గాంధీజీ బొమ్మల వంటివి వాణిజ్యానికి వాడకుండా 1950 నాటి చట్టమే ఉంది.

సంఖ్యాశాస్త్రం ప్రకారం ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక అక్షరం పెంచమన్నారు. పెంచవచ్చా?

మీ నమ్మకం మీది, నేను వాదించను. ఇబ్బంది మాత్రం చెబుతాను. "అమ్మమ్మ" అన్న మాటను ఇంగ్లీషులో ఎన్ని ఎంలతో రాయాలో ఇప్పటికే ఎవరికీ తెలియదు. అందులో ఇంకో ఏ కూడా చేరితే ఫోనులో వెతికేవారు మీ దగ్గరకు కాక పొరుగు కొట్టుకు చేరతారు. అక్షరం పెంచాలనుకుంటే వెబ్‌సైటు పేరు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా, ట్రేడ్‌మార్కు దరఖాస్తు, లేబుల్ అన్నిటికంటే ముందే పెంచి, తర్వాత దాన్ని కదపకండి.

## డిజైనర్‌తో మాట్లాడేటప్పుడు

డిజైనర్‌కు ఏమేమి చెప్పాలి?

"సింపుల్‌గా, రిచ్‌గా ఉండాలి" అని అందరూ చెబుతారు. దాన్నుంచి గీయగలిగేది ఏమీ ఉండదు. ఎవరు కొంటున్నారో చెప్పండి: అమెరికాలో చదివే కొడుకుకు పంపే తల్లిదండ్రులా, హాస్టల్ పిల్లలా, పక్క అపార్టుమెంటు వారా? ఎక్కడ కనిపించాలో చెప్పండి: పావుకిలో సీసా మూతా, రోడ్డు మీద బోర్డా, ఫోను తెరా? పోటీవారి సీసాలు నాలుగు కొని తీసుకెళ్లండి. ఒక క్లయింటు తన ఆవకాయ జాడీనే మోసుకొచ్చి బల్ల మీద పెట్టారు. అరగంట మాటల్లో తెలియనిది దాని మూతికి కట్టిన వాసెన గుడ్డ ముడిలో తెలిసింది. లేబుల్ ఆకారం అక్కడి నుంచే వచ్చింది.

ఎన్ని నమూనాలు అడగాలి?

మూడు చాలు. ఇరవై ఇస్తానన్నవారు ఇరవై సార్లు ఆలోచించరు, ఒకే బొమ్మకు రంగులు మారుస్తారు. ఎన్నిసార్లు సవరించాలో, ప్రతి విడతకు ఎంత చెల్లించాలో ముందే రాసుకోండి. ఇంకొకటి: నమూనాలు కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టి ఓట్లు అడగకండి. బావగారికి నచ్చిన రంగు, పిన్నిగారికి నచ్చిన పువ్వు కలిసి ఏదీ కానిది ఒకటి తయారవుతుంది.

ఉచిత యాప్‌లోనో కృత్రిమ మేధతోనో చేసుకుంటే సరిపోదా?

మొదటి నెల స్టిక్కర్లకు సరిపోతుంది. కాన్వా వంటి వాటిలోని రెడీమేడ్ బొమ్మలు మీలాగే ఇంకెందరో వాడతారు, వాటిని ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకోవడానికి వారి నిబంధనలే ఒప్పుకోవు. కృత్రిమ మేధ గీసే బొమ్మల్లో తెలుగు అక్షరాలు చాలాసార్లు అక్షరాల్లా కనిపించే వంకర గీతలుగా వస్తాయి. తెలుగు రానివారు గమనించరు, మీ కొనుగోలుదారులు మొదటి చూపులోనే గమనిస్తారు. ఆలోచనలు పోగుచేసుకోవడానికి వాడుకోండి, చివరి గీత మనిషి చేత గీయించండి.

డబ్బు పూర్తిగా ఇచ్చేశాం. లోగో ఇక మాదే కదా?

అలాగే అనుకుంటారు అందరూ. మన కాపీరైట్ చట్టం 1957 ప్రకారం బొమ్మ గీసినవారే సాధారణంగా మొదటి యజమాని. బయటి డిజైనర్ నుంచి ఆ హక్కు మీకు రావాలంటే రాతపూర్వకంగా, సంతకంతో బదిలీ జరగాలి. ఆ కాగితంలో కాలం రాయకపోతే 5 సంవత్సరాలకే అని, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అని 19వ సెక్షన్ లెక్కిస్తుంది. అంటే రేపు మీరు డల్లాస్‌కో లండన్‌కో పచ్చళ్లు ఎగుమతి చేసేనాటికి కాగితం పొట్టిదైపోతుంది. "కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాలకూ" అన్న మూడు మాటలు బిల్లుతో పాటు ఒక పేజీలో రాయించుకుని సంతకం తీసుకోండి. మంచి డిజైనర్ దీనికి నొచ్చుకోరు.

## గీసేటప్పుడు

లోగో చూడగానే మేము ఏం అమ్ముతామో తెలియాలి కదా?

తెలియనక్కరలేదు. స్టేట్ బ్యాంకు గుర్తులో నాణెం లేదు, నోటు లేదు. 1971 నుంచి ఉన్న ఆ నీలి వృత్తాన్ని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు చెందిన శేఖర్ కామత్ గీశారు. ఒక వృత్తం, మధ్యలో చిన్న గుండ్రం, కిందికి ఒక చీలిక, అంతే. పల్లెటూరి పిల్లవాడు కూడా సుద్దముక్కతో గీయగలడు. ఏం అమ్ముతారో చెప్పే పని లోగో పక్కన ఉండే రెండు మాటలది: "పచ్చళ్లు, పొడులు". మిరపకాయ, మామిడికాయ, రోలు, అరిటాకు నాలుగూ ఒకే గుండ్రంలో ఇరికించిన లోగో మూత మీదికి వచ్చేసరికి మరకలా కనిపిస్తుంది.

మా అమ్మమ్మ ఫోటోనే లోగోగా పెట్టాలనుంది.

కోరిక మంచిదే. ఫోటో మాత్రం వద్దు, గీతలతో వేసిన బొమ్మ వేయించండి. ఫోటో చిన్న స్టిక్కర్ మీద మసక అవుతుంది, స్టాంపు మీద అసలు రాదు. ముక్కుపుడక, కొప్పు, కళ్లద్దాలు వంటి ఒక్క ఆనవాలు పట్టుకుంటే ఐదారు గీతల్లో ఆవిడే కనిపిస్తారు. ఆవిడ ఉంటే అడిగి, లేకపోతే ఇంట్లో మిగతావారిని అడిగి వేయండి.

పేరు తెలుగులో పెట్టాలా, ఇంగ్లీషులోనా?

రెండూ ఉండాలి, కానీ సమానంగా కాదు. ఏది పెద్దదో నిర్ణయించుకోండి. నా ఓటు తెలుగుకే. మన అక్షరాలు గుండ్రాలు. తలకట్టు, కొమ్ము, ఏత్వం, ఒత్తు కలిస్తే మాటకే ఒక ఆకారం వస్తుంది. "గోంగూర" అన్న మాటను బాగా రాస్తే పక్కన ఆకు బొమ్మ అక్కరలేదు. ఇంగ్లీషు పొడి అక్షరాల్లో పేరు వేసి, కింద ఎక్కడో తెలుగును బుడిపెలా అతికించిన లేబుళ్లు చూస్తే నాకు ఉసూరుమంటుంది. అలాగని చెన్నైలోనో బెంగళూరులోనో అమ్మేవారు ఇంగ్లీషును చదవలేనంత చిన్నది చేయకూడదు.

తెలుగు ఫాంట్లు ఎక్కడ దొరుకుతాయి? ఒత్తులు విడిపోయి వస్తున్నాయి ఎందుకు?

గూగుల్ ఫాంట్స్‌లో రామభద్ర, మండలి, సురన్న, పొన్నాల, తిమ్మన, గిడుగు, బాలూ తమ్ముడు, అనెక్ తెలుగు వంటివి ఉచితంగా దొరుకుతాయి. వ్యాపారానికీ వాడుకోవచ్చు. పెద్ద పేరుకు రామభద్ర లాంటి దిట్టమైనది, చిన్న అక్షరాలకు మండలి లాంటి తేటైనది బాగుంటాయి. ఫాంటుతో టైపు చేసి వదిలేయకుండా, లోగోలోని నాలుగైదు అక్షరాలను చేత్తో సరిదిద్దించండి. ఆ తేడా కంటికి తెలుస్తుంది.

ఒత్తులు విడిపోవడానికి కారణం సాధారణంగా సాఫ్ట్‌వేర్ సెట్టింగు. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్‌లలో దక్షిణాసియా లిపులకు వేరే కంపోజర్, అంటే అక్షరాలను కూర్చే సెట్టింగు, ఎంచుకోవాలి. లేకపోతే "పచ్చళ్లు" కాస్తా "పచ్‌చళ్‌లు" అవుతుంది. డీటీపీ కేంద్రాల్లో వాడే అను ఫాంట్లది ఇంకో రకం తంటా. అవి యూనికోడ్, అంటే అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ చదవగలిగే అక్షర పద్ధతి, కావు, కాబట్టి అక్కడ టైపు చేసినది మీ ఫోనులోకి కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. ముద్రణకు పంపే ముందు అక్షరాలన్నిటినీ గీతలుగా, అంటే కర్వ్స్‌గా మార్చమనండి. అప్పుడు ఏ కంప్యూటర్‌లో తెరిచినా ఒత్తు ఊడదు.

వరసల మధ్య ఖాళీ కూడా చూడండి. పై వరసలోని ఒత్తు, కింది వరసలోని గుడి గుద్దుకునే లేబుళ్లు బజారు నిండా ఉన్నాయి.

పచ్చళ్లంటే ఎరుపు, పసుపే కదా రంగులు?

అందరూ అలా అనుకోబట్టే అరలో అన్ని సీసాలూ ఒకేలా ఉంటాయి. పైగా గాజు సీసాలో ఆవకాయ తనే ఎర్రగా ఉంటుంది, దాని మీద ఎర్ర లేబుల్ అంటిస్తే కలిసిపోతుంది. మీగడ తెలుపో, ముదురు నీలమో, ఆకుపచ్చో వేసి చూడండి. అసలు రంగు ఒకటి, తోడు రంగు ఒకటి, నలుపు: ఈ మూడు చాలు. రకాలను వేరు చేయడానికి మూతో, లేబుల్ అంచు పట్టీయో మార్చండి. గోంగూరకు ఒకటి, ఉసిరికి ఒకటి. లోగో రంగును మాత్రం కదపకండి.

లోగో బాగుందో లేదో పరీక్షించేదెలా?

రెండు సెంటీమీటర్ల వెడల్పున ప్రింటు తీయండి. దాన్ని నలుపు తెలుపులో జిరాక్స్ తీయండి. వాట్సాప్ ప్రొఫైల్ గుండ్రంలో పెట్టి చూడండి, మూలలు తెగిపోతాయి. చివరగా, కళ్లద్దాలు పెట్టుకునే పెద్దవారికి అవి లేకుండా చూపించి పేరు చదవమనండి. ఆఖరి పరీక్షలో తప్పినవే ఎక్కువ.

## ముద్రణకు వెళ్లేటప్పుడు

డిజైనర్ నుంచి ఏ ఫైళ్లు తీసుకోవాలి?

ఎంత పెద్దది చేసినా పగలని వెక్టర్ ఫైలు తప్పనిసరి: ఏఐ, ఎస్‌వీజీ, వెక్టర్ పీడీఎఫ్‌లలో ఏదో ఒకటి. మన ప్రింటింగ్ ప్రెస్సులు చాలావరకు కోరల్‌డ్రాతో పనిచేస్తాయి కాబట్టి సీడీఆర్ కూడా అడగండి. వెనక రంగు లేని పీఎన్‌జీ, నలుపు ఒక్కటే ఉన్నది, తెలుపు ఒక్కటే ఉన్నది కూడా కావాలి. వాట్సాప్‌లో ఫోటోగా వచ్చిన జేపీజీని లోగో ఫైలు అనుకోకండి. అది కుదించుకుపోయిన నీడ.

ఫోనులో చూసిన రంగు అచ్చులో ఎందుకు రాలేదు?

తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో చూపిస్తుంది. ప్రెస్సులో సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అనే నాలుగు సిరాలే కలుస్తాయి. తెర మీద మెరిసే చిలకపచ్చ, విద్యుత్ నీలం ఆ నాలుగింటితో రావు. వెయ్యి లేబుళ్లకు ముందు, అదే కాగితం మీద ఒక్క ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, తీయించి, పగటి వెలుతురులో చూసి ఒప్పుకోండి.

లేబుల్ మీద నూనె పడి అక్షరాలు పోతున్నాయి.

లామినేషన్ లేని కాగితపు స్టిక్కర్ పచ్చడి సీసాకు పనికిరాదు. వడ్డించేవారి వేళ్ల నూనె, పసుపు దాని మీదే తేలతాయి. నా మొదటి లేబుళ్లలో ఒకటి మూడు వారాలకే నారింజ రంగు మరకైపోయింది. ఆ సీసాను ఇప్పటికీ బల్ల మీద ఉంచుకున్నాను. ప్లాస్టిక్ ఆధారం ఉన్న స్టిక్కరో, లామినేషన్ చేసిన కాగితమో వాడండి. పేరును మూత మీద కూడా వేయండి.

లేబుల్ మీద చట్టప్రకారం ఏమేమి ఉండాలి?

ఆహారమైతే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) గుర్తు, దాని 14 అంకెల లైసెన్సు నంబరు, సరుకు పేరు, దినుసులు, పోషక విలువలు, నికర బరువు, తయారీ తేదీ, గడువు, పన్నులతో కలిపి గరిష్ఠ ధర, తయారీదారు చిరునామా, ఫిర్యాదులకు ఫోను నంబరు. శాకాహారమైతే ఆకుపచ్చ చదరంలో ఆకుపచ్చ గుండ్రం, రొయ్యల పచ్చడి వంటి మాంసాహారమైతే గోధుమరంగు చదరంలో అదే రంగు త్రిభుజం. కొన్నిటికి చిన్న వ్యాపారులకు మినహాయింపులున్నాయి, ముద్రణకు ముందు తాజా నిబంధన చూసుకోండి. డిజైన్ పరంగా చెప్పేది ఒక్కటే: ఈ వివరాలకు ముందే చోటు కేటాయించండి. అందమైన లేబుల్ పూర్తయ్యాక ఇవన్నీ చీమల బారులా అంచున కుక్కడం రోజూ చూసే దృశ్యం.

దుకాణం బోర్డు మీద అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలి?

పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అన్నది బోర్డులు చేసేవారి మోటు లెక్క. యాభై అడుగుల రోడ్డుకు అవతలి నుంచి చదవాలంటే అక్షరం శరీరమే ఐదు అంగుళాలు ఉండాలి. తెలుగుకు పైన గుణింతాలకు, కింద ఒత్తులకు మరికొంత ఎత్తు కలపండి. బోర్డులో తెలుగు పైన, ఇతర భాషలు దాని కింద ఉండాలని దుకాణాల నిబంధనలు చెబుతాయి. జీఎస్టీ నమోదు ఉంటే ప్రవేశం దగ్గరి పేరు బోర్డు మీద ఆ నంబరు కూడా వేయాలి. ఫోను నంబరు పేరుకంటే పెద్దగా వేయకండి, అది ఫ్లెక్సీ జబ్బు.

## పేరును కాపాడుకునేటప్పుడు

ట్రేడ్‌మార్కుకు ఎంత అవుతుంది? ఎలా చేయాలి?

ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి ప్రభుత్వ రుసుము 4,500 రూపాయలు, మిగతావారికి 9,000. న్యాయవాది ఫీజు వేరు. సరుకులు, సేవలు కలిపి 45 తరగతులున్నాయి. పచ్చళ్లు 29వ తరగతి, కారప్పొడులు, మసాలాలు, మిఠాయిలు 30వ తరగతి. రెండూ అమ్మితే రెండు రుసుములు. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై కార్యాలయం పరిధిలోకి వస్తాయి. ముందు ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా వెతికి, అదే పేరు, అలాంటి ఉచ్చారణ ఉన్న పేరు ఉన్నాయేమో చూడండి. దరఖాస్తు ప్రభుత్వ ట్రేడ్‌మార్కుల జర్నల్‌లో ప్రచురితమయ్యాక అభ్యంతరాలకు నాలుగు నెలల గడువుంటుంది. నమోదు 10 సంవత్సరాలు చెల్లుతుంది, తర్వాత పొడిగించుకోవచ్చు.

పేరు పక్కన గుండ్రంలో ఆర్ వేసుకోవచ్చా?

నమోదు పూర్తయ్యాకే. అంతవరకు టీఎం అని వేసుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. నమోదు కాకుండా ఆర్ వేయడం చట్టరీత్యా నేరం.

నమోదు చేయించకముందే ఎవరో మా పేరు వాడుతున్నారు. ఇక చేయగలిగింది లేదా?

ఉంది. ఆ పేరుతో ముందు నుంచి వ్యాపారం చేస్తున్నది మీరేనని, దానికి మంచిపేరు వచ్చిందని, అవతలివారి వల్ల కొనేవారు పొరబడుతున్నారని చూపగలిగితే కోర్టులో నిలబడవచ్చు. దానికి కావలసింది కాగితాలు: తేదీలున్న పాత బిల్లులు, మొదటి లేబుల్ ప్రింటు రసీదు, పాత పోస్టులు. అందుకే మొదటి లేబుల్ నమూనా ఒకటి తేదీ వేసి దాచిపెట్టండి.

## కొన్నేళ్ల తర్వాత

లోగో పాతబడింది. మారిస్తే పాత కొనుగోలుదారులు గుర్తుపడతారా?

అన్నీ ఒకేసారి మారిస్తే గుర్తుపట్టరు. రంగు ఉంచి అక్షరాలు సవరించండి, లేదా అక్షరాలు ఉంచి బొమ్మ తీసేయండి. మీకు విసుగొచ్చిందంటే కొనేవారికి అప్పుడప్పుడే అలవాటవుతోందని అర్థం. రోజూ వందసార్లు చూసేది మీరు, నెలకోసారి చూసేది వారు. అమ్మకాలు తగ్గాయని లోగో మార్చడానికి వచ్చినవారిని ముందు పచ్చడి రుచి, కొరియర్ ఆలస్యం చూసుకోమని పంపేస్తుంటాను. ఇద్దరు ముగ్గురు తిరిగి రాలేదు కూడా.

ట్రేడ్‌మార్కు దరఖాస్తును బొమ్మతో కాక ఉత్త పేరుకు వేసి ఉంటే, బొమ్మ మారినా ఆ నమోదు అలాగే పనికొస్తుంది. బొమ్మతో కలిపి వేసి ఉంటే కొత్త రూపానికి కొత్త దరఖాస్తు పెట్టుకోవలసి రావచ్చు. పాత లేబుళ్లు పారేయకండి. ఉన్న కట్ట అయిపోయే నెల చూసుకుని, ఆ నెల నుంచి కొత్తవి అంటించడం మొదలుపెట్టండి.